ఉల్లిపొరంత

మూడు రోజులుగా నాది ఒకటే లెక్క:
చెంచాని ఎవరు పట్టుకోవాలి?

బిగింపులు పెడితే కట్టర్‌ దారికి అడ్డం.
ఒకదానికి తగిలి మొన పుటుక్కుమంది,
ఆరువందల యాభై రూపాయలు
గోడలో దిగి ఇంకా అక్కడే మెరుస్తున్నాయి.
రెండువైపులా అంటే టేపు వేస్తే
పనయ్యాక ఊడదీయడం ఇంకో పని.
నార్ది చెక్క మెత్తన,
బలవంతంగా లాగితే పీచుతో సహా లేచొస్తుంది.

ఇక మిగిలింది గాలి.
గాలి కూడా కాదు, గాలి లేకపోవడం
అన్నాను. రసూల్‌బీ ఖాలా చాకు ఆపకుండానే నవ్వింది:
"లేనిది పట్టుకుంటుందంటే షాకిరా,
మన ఇంట్లోంచి ఇన్నేళ్ళలో
ఏదీ జారిపోయి ఉండకూడదే!"

నెల్లూరు ట్రంకు రోడ్డులో కొట్టతను
వాక్యూమ్‌ క్లీనర్‌ మోటారు తిప్పి చూపించాడు.
వీధంతా అరుస్తుంది. బండెడు గాలి లాగుతుంది,
గట్టిగా మాత్రం లాగదు.
తలుపంత చెక్కకైతే చాలు,
బెత్తెడు చెంచాకి చాలదు.
పైగా దారులన్నీ మూసుకుంటే తనే ఉడికి ఆగిపోతుంది.
రెండోది అసలు పంపు.
నూనె తాగి, నిమ్మళంగా, పిడికిలి బిగించినట్టు లాగుతుంది,
చీమ దూరే సందుందా, అలిగి కూచుంటుంది.
ధర చెప్పాడు.
ఉదయగిరి బస్సు ఎన్నింటికని అడిగాను.

పంక్చర్ల కరిముల్లా
తన కంప్రెసర్‌ అరువిస్తా, వెంచురీ పెట్టుకో అన్నాడు.
లారీ టైరు ఒకటి వచ్చిందంటే
నా బల్ల మీద పట్టు పోయినట్టే గదా.

చివరికి ఆత్మకూరులో బస్సు దిగి
ఫ్రిజ్జుల చెన్నారాయుడి దగ్గరికి పోయా.
పాత ఫ్రిజ్జు కడుపు కోసి
నల్లటి కుండలాంటి కంప్రెసర్‌ చేతిలో పెట్టాడు.
పద్దెనిమిది వందలు.
"పీల్చే గొట్టం బల్లకమ్మా, వదిలేది కిటికీకి.
తిరగేశావంటే నీ చెంచాలు పిట్టలైపోతాయి."
గోనెపట్టాలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నా.
కొండ కనబడే వేళకి
దుపట్టా నిండా నూనె.

ఎండీఎఫ్‌ పలకలో గాడులు తీసి
రెండు కుక్కర్‌ రబ్బర్లు కోసి పరిచా.
మీట నొక్కితే ముల్లు పదకొండు దగ్గర వణుకుతూ నిలబడింది.
సందు ఎక్కడా లేదు.
చెక్కే ఊపిరి పీలుస్తోంది, పీచుపీచులోంచి.
ఖాలా మాట్లాడకుండా లేచి
పెట్టెలకి కాగితాలంటించే మైదా జిగురు తెచ్చి
అడుగున ఒక పూత పూసి ఆరబెట్టింది.
ముల్లు ఇరవై రెండు.

అరచేత్తో తోసింది. కదల్లేదు.
గోళ్ళు దూర్చి లేపింది. లేవలేదు.
"కింద నుంచి ఎవరూ లాగడం లేదు ఖాలా,
పైనున్న గాలి నొక్కుతోంది.
మన నెత్తి మీద, ఆ కోట మీద ఉన్న గాలే.
అడుగున ఖాళీ అయ్యేదాకా
దాని బరువు తెలియదంతే."
ఆమె వినడం లేదు.
తన కుడి మడమ చూసుకుంటోంది,
నలభై ఏళ్ళు గరిటెల్ని పీటకి అదిమిపట్టి
కాయ కాసిన చోటు.

మొదటి చెంచా పూర్తిగా తెగింది.
తెగిన ఆ క్షణంలోనే గాలి దూరి
షట్టరుకి తగిలి ఠంగుమంది.
ఇద్దరం తలలు వంచాం, తర్వాత నవ్వాం,
ఆ తర్వాత నాకు చేతులు వణికాయి.

రెండోదానికి పూర్తిగా కొయ్యలేదు.
చుట్టూ, అడుగున,
ఉల్లిపొరంత మందం మిగిల్చి ఆపాను.
ఖాలా చెక్కని వెలుతురుకి ఎత్తి పట్టింది.
పొర తేనెరంగులో వెలిగింది.
చాకు మొన ఒక్క చుట్టు తిప్పితే
చెంచా చేతిలోకి రాలింది.

"ఎంత ఉంచావు?"
"పావు మిల్లీమీటరు."
అంచుని బొటనవేలితో రుద్దుతూ కాసేపు ఊరుకుంది.
"ఇంకాస్త ఉంచరాదా" అంది,
"నాకూ ఏదో ఒకటి ఉండాలి గదా కొయ్యను."

పావుని చెరిపి
అర అని కొట్టాను.