తెగేదాకా

తెగేదాకా లాగొద్దంటారు లోకంలో.
మా పని అదే.
క్లైపెడా రేవులో, చేపల గోదాం వెనకాల,
తెగేదాకా లాగి
ఎంత దగ్గర తెగిందో రాసుకోవడం.

బల్లకి ఈ చివర మోటారు,
ఆ చివర బరువు తూచే సెన్సారు,
మధ్యలో పడవ తాడు,
బాల్టిక్ ఉప్పు ఇంకా వదలనిది.
పక్కన నా కంప్యూటరు, తెరమీద ఒక పచ్చగీత.
సెన్సారు చెప్పింది గీత వింటుంది,
గీత చెప్పింది మోటారు వింటుంది,
మోటారు చేసింది తాడు భరిస్తుంది,
తాడు భరించింది మళ్ళీ సెన్సారు చెబుతుంది.
చెప్పుకోడానికి ఇంతే.
నాకు పదకొండు రోజులు పట్టింది.

నాలుగొందల కిలోల దగ్గర ఆగమంటే
ఆగదు.
నాలుగొందల అరవైకి పోతుంది,
తప్పు తెలిసొచ్చినట్టు మూడొందల నలభైకి జారుతుంది,
మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి,
తాగొచ్చినవాడు చీకట్లో గుమ్మం వెతుక్కున్నట్టు.
తాడు మూలిగింది. బల్ల కింది బోల్టులూ మూలిగాయి.
గెయిన్ తగ్గించాను, నత్తనడక.
పెంచాను, మళ్ళీ పూనకం.
రాత్రి పదింటికి, కాఫీ చల్లారిపోయాక,
ఎవర్ని తిట్టాలో తెలీక తాడునే తిట్టాను.

తాళాలకోసం కజిమేరాస్ వచ్చాడు.
నలభై ఏళ్ళు తాళ్ళు పేనిన చేతులు,
ఎడమ చూపుడువేలికి పై కణుపు లేదు.
తెరవైపు చూడనైనా లేదు.
రెండు వేళ్ళు తాడుమీద ఆనించి, కళ్ళు మూసుకుని,
"దీనికి చెవుడు కాదు ఉగ్నే," అన్నాడు,
"ఆలస్యంగా వినిపిస్తోంది."

నవ్వాను. కాసేపటికి నవ్వు ఆగింది.
వెయ్యి కొలతలు మూట కట్టి
మూట నిండాకే విప్పి చదవమని
రాసింది నేనే.
నిండడానికి ఒక సెకను.
అంటే మోటారు లాగుతున్నది ఈ తాడుని కాదు,
సెకను కిందటి తాడుని.
పెళ్ళయిపోయాక అందిన శుభలేఖ పట్టుకుని
ఆయాసపడుతూ వచ్చిన చుట్టంలా
ప్రతిసారీ, పాపం, పరుగే.

మూటలు విప్పేశాను. పదేసి కొలతలు,
అందినవి అందినట్టు.
గీత నాలుగొందల దగ్గర
ఒక్కసారి తూలి
నిలబడింది.
ముసలాయన తలూపి తాళాలు తీసుకుని వెళ్ళాడు.
కథ ఇక్కడ అయిపోతే బాగుండేది.

గురువారం సెన్సారు తీగ ఒకటి వదులైంది.
తెగలేదు. వదులైంది, అంతే.
తెరమీద బరువు సున్నా.
మోటారుకేం తెలుసు?
సున్నా అంటే తాడు సడలిందనుకుంది. లాగింది.
ఇంకా సున్నా. ఇంకా లాగింది.
మాట పడిపోయినదాన్ని
నొప్పి లేనిదనుకుని
లాగుతూనే పోయింది.
ఎర్ర బొత్తాం నాకు మూడడుగుల దూరం.
నేను రెండడుగులు వేశాను.

తాడు తెగిన చప్పుడు గుర్తులేదు.
గోదాం కప్పుమీది సీగల్ పక్షులన్నీ ఒక్కసారే లేచిన చప్పుడు
గుర్తుంది.
గోడకి గంటు పడింది, సరిగ్గా నా భుజమంత ఎత్తున.
ఫైల్లో మాత్రం నిక్షేపంగా నమోదైంది:
సున్నా కిలోల దగ్గర తెగిన తాడు.

ఆ సాయంత్రం ప్రోగ్రాంలో ఒక పంక్తి చేర్చాను,
గెయిన్ కన్నా ముందు, లెక్కలన్నిటికన్నా ముందు:
అవతలినుంచి పలుకు లేకపోతే
ఆగు.

కజిమేరాస్‌కి చదివి వినిపించాను.
"ఇది కూడా రాయాలా?" అన్నాడు.
తన ఎడమచేతిని ఒకసారి చూసుకుని
"రాయాల్లే," అన్నాడు.
ఆ వేలి సంగతి నేనడగలేదు.

శుక్రవారం కొత్త తాడు బిగించాం.
తీగ మూడుసార్లు లాగి చూశాను.
పదకొండు వందల ఇరవై దగ్గర తెగింది.
రాసుకున్నాను.