రెండు ముళ్ళు

నెలకొకసారి ఎర్రగడ్డల దిగుత.
మెట్రో మెట్ల మీదనే ముక్కుకు దస్తీ కట్టుకునేటోళ్ళు
నా లైన్ల నిలబడేటోళ్ళే.
అక్కడ మొఖాలు చూసుకోం, చెప్పులు చూసుకుంటం.
నీలం పట్టీల చెప్పులు రెండు నెలల నుంచి రాలే.
ఎవ్వరం అడగలే.

గోలీల డబ్బా చేతికి రాంగనే
మూత తీసి ఇంత దూది కుక్కుతం.
ముప్పై గోలీలు గలగలమంటే
సిటీ బస్సు మొత్తం మన పేరు పిలిచినట్టుంటది.

రుఫీనా మేడం టేబుల్ మీది చెక్క బొమ్మ సిగ్గుపడదు.
ఆమె కూడా పడదు.
"గోలీ లోపల్నుంచి, తొడుగు బయట్నుంచి" అంటది,
పచ్చిపులుసుల ఉప్పెంతో చెప్పినంత మామూలుగ.
ఇలియాస్‌ను మొదటిసారి తోల్కపోయిన దినం
"ఈయన ఎవరు?" అనలే.
ఇంకో కుర్చీ జరిపింది.
ఆ కుర్చీ కిర్రుమన్న చప్పుడు
నాకు సన్నాయి లెక్క యాదుంది.

బోరబండ మెడికల్ షాపోని లెక్కల
మా ఇంట్ల ఒక వదిన ఉంది.
పాకెట్టు పేపర్ల చుట్టి ఇచ్చుకుంట
"వదిన మంచిగుందా?" అంటడు.
వదిన ఏసీలు రిపేరు చేస్తది,
చేతుల నిండ గ్రీజు,
ఎడమ కనుబొమ్మ మీద స్క్రూడ్రైవర్ గీసిన గీత.
"మంచిగుందన్నా" అంట.

నిరుడు రిపోర్టు వచ్చింది,
రక్తంల వైరస్ కనబడలేదని.
ఇలియాస్ దాన్ని ఫ్రిజ్ మీద దేవుని పటం లెక్క ఆనించి
ఉస్మానియా బిస్కెట్లు తెచ్చిండు.
రాత్రి పాకెట్టు చింపబోతుంటే చెయ్యి పట్టుకున్నడు.
"ఇంకా ఎందుకిది?
కనబడనిది అంటదని డాక్టరే అన్నడు కద."
అన్నడు. అబద్ధం కాదు.
నాకు కోపమొచ్చింది.
ఏడేండ్లు నన్ను నేను విషం లెక్క మోసుకున్న,
ఒక్క కాగితం చూపెట్టి దించమంటే
చేతులు తెరుచుకోలే.
"సవాయి రోగం సంగతి ఆ కాగితానికెట్ల తెలుస్తది?" అన్న.
అది కూడా అబద్ధం కాదు.
చెరో గోడ దిక్కు తిరిగి పండుకున్నం.

తర్వాత వానలు.
నాలా గోడ ఒరిగి నీళ్ళు మంచమెక్కినయ్.
బియ్యం డబ్బా, దాని ఎన్క నా గోలీల డబ్బా
దూదితో సహా కొట్టుకపోయినయ్.
నాలుగు రాత్రులు తొమ్మిదింటికి అలారం మోగింది,
మింగనీకి ఏం లేదు.
ఎవరిదో మేడ, ఒకటే దుప్పటి.
అల్మారా మీది అట్టపెట్టె ఒక్కటే పొడిగ దొరికింది.
ఈసారి అతనే చింపిండు.
ఏమనలే. నేనూ అనలే.
తెల్లారి మోకాలి లోతు నీళ్ళల్ల
నా కార్డు టోపీ కింద పెట్టుకుని
ఎర్రగడ్డ దాక నడిచిపోయిండు.

మూడు నెలలకోసారి అతని వేలు గుచ్చుతరు.
పట్టీ మీద ఒక గీత తేలుతది, రెండోది రావొద్దు.
ఆ పావుగంట మాటలుండవ్.
అతని చెప్పులు చూస్త.
ఒక్కటే గీత.
బయట ఒకటే చాయ్,
సగం కప్పుల, సగం సాసర్ల.

మాకు పంతులూ రాలే, ఖాజీ రాలే,
పసుపు కొమ్ము దొరకలే.
మూడు ముళ్ళల్ల రెండు మేమే వేసుకున్నం.
గోలీ నాది, యాది చేసేది అతను.
తొడుగు అతనిది, అడిగేది నేను.
మూడోదేందని రుఫీనా మేడం నవ్వుకుంట అడిగింది.
తెల్వదన్న.

తొమ్మిది అయితుంది.
ఇలియాస్ చెంబుల నీళ్ళు పట్టుకుని
ఏసీ ఎక్కడ కారుతుందో చూసినట్టు
మెడ వంచి నా గొంతు దిక్కు చూస్తుండు.
దిగింది, పో, అంట.

డబ్బాల దూది పెట్టుడు మానేసిన.
గలగలమననీ.