పది గంటలు అటూ ఇటూ

మంగళవారం సాయంత్రం ఏడింటికి
సూర్యుడి అంచున ఒక ముద్ద తెగింది.
తెర మీద చూస్తే పొయ్యి మీద పాలు పొంగినట్టే,
చప్పుడు లేదు, మాడు వాసన లేదు.
దాని చుట్టూ మౌస్‌తో ఒక గరాటు గీశాను.
ఇంత వెడల్పు, ఇంత వాలు,
సెకనుకి ఎనిమిదివందల నలభై కిలోమీటర్లు.
నలభై దగ్గర నా చెయ్యి కాస్త జంకింది.

కిటికీ కింద కోరమంగల.
సిల్క్ బోర్డు దాకా బండ్లన్నీ
ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడ్డాయి.

సర్వర్ గదిలో అందరికీ కలిపి ఒకటే శాలువ.
అది కప్పుకుని కూర్చుంటే
సూర్యుడి నుంచి మన దాకా ఉన్న ఖాళీ అంతా
గళ్ళ లుంగీలా పరుచుకుంటుంది.
లైట్లు ఆర్పడానికొచ్చిన తిప్పేస్వామి
వంగి చూసి, "ఇందులో మన భూమి ఏది మేడమ్?" అన్నాడు.
ఒక్కో గడిలో వేల భూములు పడతాయి, అన్నాను.
అయితే మనం లేనట్టేనా, అన్నాడు.

తెల్లారేసరికి లెక్క తేలింది.
ఉపగ్రహాల వాళ్ళకి రాశాను:
శుక్రవారం తెల్లవారుజామున రెండింటికి,
పది గంటలు అటూ ఇటూ.
తిప్పేస్వామి నవ్వాడు.
నీళ్ళ ట్యాంకరువాడు కూడా మాకిట్లాగే చెప్తాడు మేడమ్.

అతనికి చెప్పనిది ఇంకొకటుంది.
ఎప్పుడొస్తుందో ఈపాటి చెప్పగలను గానీ
ఏ మొహం పెట్టుకొస్తుందో చెప్పలేను.
దాని కడుపులో అయస్కాంతం ఉత్తరానికి తిరిగుంటే
గుమ్మం ముందు నుంచే పోతుంది.
దక్షిణానికైతే గడియ దానంతటదే ఊడుతుంది.
ఆ సంగతి తెలిసేది
పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల కాపలా ఉన్న
చిన్న పెట్టెను అది రాసుకుంటూ వెళ్ళాకే.
అప్పటికి మిగిలేది నలభై నిమిషాలు.
నలభై నిమిషాల్లో నేను మడివాళ నుంచి ఆఫీసుకే రాలేను.

శుక్రవారం రెండింటికి ఏమీ రాలేదు.
మూడింటికీ రాలేదు.
సుభాషిణి ఫోను చేసి, వచ్చిందా, అంది
పురిటి గది బయట నిలబడ్డ మనిషిలా.
శాలువలో ఎవరిదో తలనొప్పి మందు వాసన.

తొమ్మిదీ ఇరవైకి, తట్టె ఇడ్లీ వరసలో ఉండగా
జేబులో ఫోను కొట్టుకుంది.
వచ్చింది. ఉత్తరం.
ఆకాశం ఎప్పటిలాగే ఉంది.
నా ముందున్నాయన చట్నీ మళ్ళీ వెయ్యమంటున్నాడు.

సాయంత్రం నోటుబుక్కులో రాసుకున్నాను:
ఏడు గంటల ఇరవై నిమిషాలు ఆలస్యం.
తర్వాత, ఎవరూ చూడకుండా,
ఎనిమిదివందల నలభైని కొట్టేసి
ఏడువందల ముప్ఫై వేసి మళ్ళీ నడిపాను.

ఈసారి సరిగ్గా తొమ్మిదీ ఇరవైకి వచ్చింది,
పొద్దున వెళ్ళిపోయిన తుఫాను.