మీట దగ్గర

కాసిమేడులో రాత్రి పదిన్నర.
వేట నిషేధం తీరడానికి ఇంకా మూడు రోజులు.
ఒరుసుకుంటూ నిలబడ్డ మరబోట్ల మధ్య
కొత్త రంగు వాసన, దాని కింద పాత చేప వాసన.
అరుళ్‌దాస్ లాంచి కడుపులో, ఐసు గదిలో,
దానయ్య మావ పగులు అతుకుతున్నాడు.
పైన డెక్కు మీద, ఎండిన చెక్క మీద
గొంతుక్కూచున్నాను నేను,
చెయ్యి మెషీను మీట మీద.

ఇదే నా పని.
ఏమీ చేయకపోవడం, చెయ్యి తీయకపోవడం.
దీనికి కూడా కూలీ ఇస్తార్రా అని
నవ్వుతారు వల బాగుచేసేవాళ్లు.

దిగే ముందు మావకి గంట పడుతుంది.
బ్యాటరీ తీగలు రెండూ ఊడదీస్తాడు.
వైర్‌లెస్సూ, చేపల జాడ చూపే పెట్టే విప్పి
సరంగు చేతికిస్తాడు, పసిపిల్లల్ని అందించినట్టు.
కేబుల్ని మూర మూరా తడుముతాడు.
తొక్క చిట్లితే టేపు చుట్టడు,
కొత్తది తెమ్మంటాడు.
అరుళ్‌దాస్ ముఖం మాడుతుంది.

తర్వాత ఎర్త్.
"గుంటడా, కరెంటొచ్చే దారి ఎవుడైనా చూత్తాడు.
ఎల్లిపోయే దారి చూడాల."
పగులుకి జానెడు దూరంలో
రంగు పోయి, తుప్పు పోయి
ఇనుము తెల్లగా నవ్వేదాకా గీకి
అక్కడ పట్టిస్తాడు క్లాంపు.

పోయిన నెల పక్క లాంచిలో ఎవరో
దాన్ని జెట్టీ ఉంగరానికి తగిలించారు.
వెనక్కి దారి దొరకని కరెంటు
షాఫ్టులోంచి నీళ్లలోకి దిగింది,
కట్టిన ఉక్కుతాడు చేత పొగలు కక్కించింది.
ఆ బేరింగు విప్పి చూపించాడు మావ.
చెదలు తిన్న పుస్తకంలా ఉంది.
నేను ముట్టుకోలేదు.

ఉప్పు తిన్నవాడికి విశ్వాసం ఉండాలంటారు.
ఇక్కడ ఉప్పే మనిషిని పట్టిస్తుంది.
చొక్కా మడతల్లో ఎండిన ఉప్పు,
గ్లౌజు వేళ్లలో చెమటై నానిన ఉప్పు.
అందుకే సంచిలో మూడు జతల గ్లౌజులు.
అందుకే లారీ నీళ్లు బిందె లెక్కన కొనే వీధిలో
నూకాలత్త ఆయన చొక్కాని
మంచినీళ్లలో రెండుసార్లు జాడిస్తుంది.
పక్కింటావిడ గొణుగుతుంది. గొణగనీ.

ఎనభై వోల్టులు.
ఎనభై ఏపాటి మావా, అన్నాను మొదటి రోజు.
ఎడమ అరచెయ్యి విప్పాడు.
వేలి మొదట్లో చింతగింజంత గుంట.
తమ్ముడి పేరు ఒకటి చెప్పాడు, ఎర్రబాబు అని.
ఆ తర్వాత టీ చల్లారేదాకా తాగలేదు.

మూడు దెబ్బలంటే కరెంటియ్యి.
ఒక దెబ్బంటే ఆపు, రాడ్డు మారుస్తున్నా.
సుత్తి పలుకుతుంది, ఇనుము మోస్తుంది,
నా అరికాళ్లకి అందుతుంది మాట.

పన్నెండో రాడ్డు.
మూత సందులోంచి నీలి వెలుగు
చటుక్కున ఆరింది.
దెబ్బ లేదు.
గాలి కొట్టే ఫ్యాను మోత ఒక్కటే.
ఒకటి అన్నాను.
రెండు అనే లోపు మీట కిందికి దించేశాను.

"మావా!"

పక్క బోటులో రేడియో.
ఎక్కడో పిల్లి.
తాడు పట్టుకుని రెండు మెట్లు దిగాను,
ఇంకో మెట్టు దిగబోతుంటే
కింద బూతు వినపడింది.
అంత తియ్యటి బూతు నేనెన్నడూ వినలేదు.

సుత్తి జారి అడుగు నీళ్లలో పడిందట.
చీకట్లో వెతుక్కుంటున్నాడట, తడి చేత్తో,
హోల్డరు ఆ పక్కనే వేలాడుతుండగా.

ఆ మాట అయ్యాక ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

పైనుంచి అరుళ్‌దాస్ అరిచాడు,
ఊరికే ఆపితే తెల్లారిపోదా అని, అరవంలో.
మావ తల బయట పెట్టాడు,
మసి, చెమట, కళ్ల చుట్టూ అద్దాల గీత.
"ఊరికే ఆపేవు," అన్నాడు నాతో.
"అవును మావా."
"ఎప్పుడూ అలాగే ఊరికే ఆపు."

గ్లౌజులు మార్చాడు. రెండో జత.
సుత్తికి తాడు కట్టి
ఐసు గది కొక్కేనికి వేలాడదీశాడు.
నేను చెక్క మీదికి వచ్చి
అరచెయ్యి లుంగీకి కాదు,
పొడి గుడ్డకి తుడుచుకున్నాను.

టంగ్.
టంగ్.

మూడోదాని కోసం ఆగాను.