సున్నా వైపు

టేపుకి రెండు చివరలు.
అంకె చదివే చివర ఇంజనీరుది,
సున్నా చివర నాది.
సున్నా ఎప్పుడూ నీళ్ళ వైపే.
అందుకే ఏడాదికి రెండుసార్లు
నా ప్యాంటు మోకాళ్ళ దాకా తడుస్తుంది.

ఘనాలో, వోల్టా నది సముద్రంలో కలిసే చోటికి తూర్పున
మా ఊరు ఒక ఇసక గీత.
అటు అలలు, ఇటు ఉప్పు కయ్య,
నడుమ మంచాలంత మడుల్లో చిన్న ఉల్లి,
తలలు రాలిన కొబ్బరి మొండేలు.

పోయినసారి పాతిన మేకు కనబడలేదు.
అంతకు ముందుది సరేసరి.
"చర్చి మెట్టు దగ్గర పట్టు" అన్నాడు ఇంజనీరు.
చర్చి లేదు.
మెట్టు ఒక్కటి మిగిలింది, ఎక్కడికీ ఎక్కని మెట్టు.
దాని మీద మేక ఒకటి నెమరేస్తోంది.
ఒకప్పుడు మా కొలత ఈ మెట్టు దగ్గర ఆగేది,
ఇప్పుడు ఇక్కడే మొదలవుతోంది.
మేకని లేపి సున్నా పెట్టాను.

అటు చివర అకోర్ఫా గోడ.
"పద్నాలుగు ముప్పై" అరిచాడు ఇంజనీరు.
గాలి సగం మింగేసింది,
మళ్ళీ అరిచాడు.

అకోర్ఫా చేపలకి పొగ పెడుతుంది.
మట్టి పొయ్యిల్ని మూడుసార్లు వెనక్కి జరిపింది.
మొదటివి ఎక్కడుండేవంటే
పక్కవీధి చూపించినంత తేలిగ్గా
అలల మీదకి చెయ్యి చూపిస్తుంది.
"ఆ పడవ ఉందే, దానికి కాస్త ఇవతల."

ఇసకకి నడక అలవాటు.
పడమటి నుంచి తూర్పుకి
ఊరూరా మూట దించి, కాస్త పంచి,
కాస్త ఎత్తుకుని పోయే సంత బేరగాడు అది.
నది మీద ఆనకట్ట కట్టారు.
మా ఇంట్లో దీపం వెలిగింది,
మా ఇసక ఆనకట్ట వెనక పడుకుంది.
తర్వాత పడమటి పట్నానికి రాళ్ళగోడ వచ్చింది.
లారీలు, బ్యాండు మేళం, రిబ్బను.
సముద్రం ఆ గోడకి మర్యాద ఇచ్చింది.
మర్యాద ఇచ్చి పక్కకి తిరిగింది.
పక్కన ఉన్నది మేము.
బేరగాడు రావడం మానేశాడు,
వసూలుకొచ్చేవాడు మాత్రం రోజూ రెండుపూటలా వస్తాడు.

"గోడ ఎక్కడ ఆగింది?" అడిగింది అకోర్ఫా.
ఇంజనీరు మంచివాడు, అబద్ధం చెప్పలేదు.
"డబ్బు ఆగిన చోట."

ఎర్ర రంగుతో గోడ మీద 47 వేశాడు.
ఈ అంకె ఉన్న ఇళ్ళు కయ్యకి అవతల
రేకుల గదుల్లోకి పోవాలి.
మనవరాలు సెలాసీ ఇప్పుడిప్పుడే లెక్కలు నేర్చుకుంటోంది.
"నలభై ఏడు!" చదివి చప్పట్లు కొట్టింది.
ఎవరూ మెచ్చుకోలేదని ఇంకోసారి చదివింది.
నేను మెచ్చుకున్నాను.

అకోర్ఫా ప్లాను కాగితాన్ని
చేప మొప్పలు చూసినట్టు తిప్పి చూసింది.
"అక్కడ గాలి ఎటునుంచి?"
కాగితంలో ఉత్తరం బాణం ఉంది,
గాలి బాణం లేదు.
"పొగ ఇంట్లోకి తిరిగితే చేప కాదు, మేము ఎండుతాం" అంది.
ఇంజనీరు రాసుకున్నాడు.
ఏం రాసుకున్నాడో చూశాను: గాలి, ప్రశ్నార్థకం.

కష్టం దాటితే ఒడ్డున పడ్డామంటారు.
ఆగస్టు పోటుకి, అర్ధరాత్రి,
ఒడ్డే మా మీద పడింది.
ఉల్లి మడుల్లో మోకాలి లోతు ఉప్పు.
మంచం ఎత్తుకుని పరిగెత్తినవాళ్ళున్నారు,
తలుపు ఊడదీసుకుని పరిగెత్తినవాళ్ళున్నారు.
మా మామ డోట్సే మాత్రం
తన తండ్రి సమాధి పలక భుజాన వేసుకున్నాడు.
కింద ఉన్నాయన్ని తేలేకపోయాడు.
ఆ పలకిప్పుడు వాళ్ళ వాకిట్లో నిలబెట్టి ఉంది,
తేదీలు ఇంటి వైపు తిప్పి.

సాయంత్రం టేపు చుట్టాం.
సున్నా చివర అందరికన్నా ఆఖర్న వస్తుంది,
తడి ఇసక ఈడ్చుకుంటూ.
తుడిచి పెట్టమంటాడు ఇంజనీరు, తుప్పు పడుతుందని.
తుడిచాను.
గుడ్డలో మిగిలిన పిడికెడు ఇసకని
మెట్టు దగ్గర దులిపేశాను.
మేక వచ్చి వాసన చూసి, మళ్ళీ కూర్చుంది.