ఎడమ భుజం

బుధవారం, పీజీలో ఉప్మా మిగిలిపోయే రాత్రి,
మూడు మంచాల గదిలో లెక్క వేస్తున్నాం.
ఒక డోసుకు ఇంత. ఆరు నెలల్లో మూడు.
నిఖత్ ఫోన్‌లో గుణించి చూసి
"నెల అద్దెకు కాస్త తక్కువ" అంది.
"లేదా సన్నంచు పట్టుచీర" అంది చంపక.
నేనేమీ అనలేదు.

నా ఉద్యోగం ఇన్సూరెన్స్ క్లెయిములు చూడటం.
టిన్ ఫ్యాక్టరీ దాటాక, అద్దాల మేడ ఏడో అంతస్తులో
రోజుకు నూట నలభై ఫైళ్లు.
సి యాభై మూడు అనే కోడ్ వస్తే
పక్క గడిలో వయసు చూడకూడదని
నాకు నేనే పెట్టుకున్న రూలు.
చూస్తాను.
నలభై ఒకటి.
ముప్ఫై ఎనిమిది.
యాభై రెండు: తిరస్కరణ, ఒక కాగితం తక్కువ.

అమ్మకు ఫోన్ చేశాను.
గర్భసంచి ముఖద్వారం అనే మాట
మా ఇంట్లో ఎవరూ పైకి అన్న గుర్తు లేదు.
నేనన్నాను.
లైన్ తెగిపోయిందనుకున్నాను,
కుక్కర్ కూత వినబడి తెగలేదని తెలిసింది.
"పెండ్లి కాని పిల్లవు, నీకెందుకే అదంతా?"
"ముందే వేయించుకోవాలంటమ్మా."
"ఎవురన్నా ఉండారా?"

ఉన్నాడంటే సూది సాక్ష్యం అవుతుంది.
లేడంటే డబ్బు దండగ అవుతుంది.
ఉన్నాడో లేడో
ఈ కవితకు కూడా చెప్పను.

రాయదుర్గం ఆస్పత్రి వరండాలో
నన్ను ఒళ్లో అదిమిపట్టి
ఈ ఎడమ భుజం మీద పొడిపించింది నువ్వే కదా.
మచ్చ ఇంకా ఉంది, కందిగింజంత.
అప్పుడెవరూ అడగలేదు,
పెద్దయ్యాక ఈ పిల్ల
ఎవరి పక్కన కూచుని దగ్గుతుందని.

చంపక అర్ధరాత్రి దాకా చదివింది.
"పిల్లలు పుట్టరంట."
"ఎవరన్నారే?"
"మా వదినావాళ్ల గ్రూపులో."
"మీ వదిన డాక్టరా?"
"కాదు. కానీ మంచిది."
దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.
ఈ నెల డ్రైవింగ్ స్కూలుకు కట్టేశానంది,
వచ్చే నెల చూద్దామంది.
సూది అంటే దానికి భయమని
మాకు తెలుసని దానికీ తెలుసు.
నిఖత్ మాత్రం ఏదీ చదవలేదు.
వాళ్ల ఖాలా గురించి ఒక్క ముక్క చెప్పి
గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారం, రామమూర్తి నగర్ క్లినిక్‌లో
ఫారం నింపుతూ నర్సు అడిగింది:
"మదువె ఆగిదెయా?"
మూడేళ్లయినా నా చెవి ఇంకా తెలుగే,
పెళ్లి ఆగిందా అని వినబడింది.
ఆగలేదు, మొదలే కాలేదన్నాను.
ఆమెకు అర్థం కాలేదు, నాకు నవ్వాగలేదు.
గడిలో అడ్డంగా ఒక గీత గీసింది.

డాక్టరమ్మ తల ఎత్తకుండానే చెప్పింది:
ఇరవై నాలుగు ఆలస్యం కాదు,
ఇంకా చిన్నప్పుడైతే మరీ మంచిది.
ఇది వేసుకున్నానని
ముప్ఫై దాటాక పరీక్ష మానకూడదు.
అంతే. ఉపన్యాసం లేదు.
కుట్టింది చీమ కుట్టినట్టు కాదు,
అలా చెప్పేవాళ్లను నమ్మొద్దు.

తిరుగు మెట్రోలో
బ్యాగు కుడి భుజానికి మార్చుకున్నాను.
నిఖత్ తన చేతిని తానే
వేరేవాళ్ల బిడ్డలా పట్టుకుని కూచుంది.

రాత్రి అమ్మ మెసేజి, ఒకటే మాట:
"చెయ్యి?"
"బరువుగా ఉంది" అని పెట్టాను.
టైప్ చేస్తోంది, ఆపింది, మళ్లీ చేస్తోంది.
చివరికి ఫోనే వచ్చింది.
"ఆ సూది నా వయసోళ్లకు లేదా?"
"నీకు సూది కాదమ్మా, పరీక్ష.
ఎప్పుడైనా చేయించుకున్నావా?"

ఈసారి కుక్కర్ కూడా కూయలేదు.
అవతల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు.
నలభై ఆరు, అనుకున్నాను,
పక్క గడి చూడకుండానే.