లిప్త చాలదు

ఆల్బుకర్కీలో అక్టోబరు.
పొద్దున్న బెలూన్లు లేచిన ఊరు
రాత్రికి చలికి ముడుచుకుంది.
నేలమాళిగలో మేమిద్దరం, ఒక బల్ల,
బల్ల మీద ఒకదాని ముఖం ఒకటి చూసుకునే అద్దాలు.

డెల్ఫీనా బాకా కుండ బేరమాడినట్టు
సిలిండర్‌ని వేలి కణుపుతో కొట్టి చూస్తుంది.
గేజి అబద్ధమాడుతుందని ఆవిడ నమ్మకం.
వాళ్ల నాన్న బెలూన్ నడిపేవాడట,
గాలికి చెప్పి ఎక్కాలనేవాడట.

గొట్టంలోకి నైట్రోజన్ వదిలాం.
ఏం గొప్ప వాయువు కాదు.
ప్రతి ఊపిరిలో ముప్పాతిక పైనే ఉంటుంది,
లోపలికెళ్లి ఎవరినీ పలకరించకుండా
వెళ్లిన దారినే వచ్చేస్తుంది.
పుట్టిన దగ్గర్నుంచి నాలోంచి ఎన్నిసార్లు నడిచిందో,
నేనూ దాన్ని ఏమీ అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాం, కాంతితో.
ఎంతసేపు?
రెప్పపాటు అందామంటే
ఆ రెప్ప వాలేలోపు యుగాలు గడిచిపోతాయి.
లిప్త అన్నా, త్రుటి అన్నా
మన పాత మాటలన్నీ పెద్ద కన్నాల జల్లెళ్లు,
ఇది జారిపోతుంది.

సెకనుకు వెయ్యిసార్లు అదే ప్రశ్న.
గొట్టం మధ్యలో వెంట్రుకంత వెలుగు,
చెవికి దోమ రొద.

మూడు వారాలు జవాబు లేదు.
కటకం కదిపాం, ఒత్తిడి పెంచాం, దించాం,
ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం.
ఆ రాత్రి నేను కాగితాలు సర్దుకుంటుంటే
డెల్ఫీనా, ఎందుకో, ఒత్తిడి ఇంకో పిసరు దించి
వడపోత అద్దం అవతల
తన విజిటింగ్ కార్డు వెనక్కి తిప్పి పట్టుకుంది.

తెల్ల అట్ట మీద
నీలిమందు పెట్టిన పంచెకి ఎండ తగిలినట్టు
ఒక చుక్క.

తెర మీద, మూడువందల తొంభై ఒకటి దగ్గర,
చదును ఎడారిలో పాతిన గడకర్ర.

మేం అరవలేదు.
ఆవిడ "ఊఁ" అంది,
ఫోన్లో అవతల మనిషి ఉన్నారని తెలిసినప్పుడు అన్నట్టు.

ఎందుకు వెలిగిందంటే
తెలిసినవాళ్లు నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు.
ఎలక్ట్రాను పోగొట్టుకున్న అణువు
పోగొట్టుకున్నందుకే వెలుగుతుందని రాసుకున్నాను.
పొద్దున్న చదివి, నివేదికలోంచి కొట్టేశాను.

బయటికొచ్చేసరికి నాలుగున్నర.
కార్ల మధ్య నా నోటి వెంట తెల్లటి ఆవిరి.
అది నీళ్లేనని తెలుసు.
దాని వెనకే కనబడకుండా పోయేదాన్ని
ఇన్నేళ్లూ ఉట్టి చేతులతో పంపేశాను కదా అని
ఊపిరి కాసేపు ఆపాను.
ఎంతసేపని ఆపుతాం.

మర్నాడు చుక్క రాలేదు.
ఆ మర్నాడు సగం వచ్చింది.
డెల్ఫీనా మళ్లీ సిలిండర్‌ని కొట్టి చూస్తోంది.